ఆకు దిగిన పురుగు

హుసేనప్పకు పాటలో ఏడుపు రావడం ఆగిపోయింది.

నవ్వకండి. గుట్ట కింద ఒక ఫకీరు సమాధి చుట్టూ ఉన్న, మఠం లాంటి తకియాలో అతని ఏడుపుకు చాలా పేరుండేది. గురువారం సాయంత్రం తంబూర అందుకుని తత్వం ఎత్తుకున్నాడంటే రెండో చరణం దగ్గర గొంతు వణికేది. మూడో చరణానికి కళ్ళు నిండేవి. ఆ తర్వాత పాట ఎటు పోతోందో అతనికే తెలిసేది కాదు. విన్నవాళ్ళు చెంగులు తీసి కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడి సమాధికి మొక్కడానికి వచ్చేవారో, హుసేనప్ప ఏడిస్తే వినడానికి వచ్చేవారో గట్టిగా చెప్పలేం.

అతను దూదేకుల ఇంటివాడు. మీసం రాకముందే ఇమాంతాత దగ్గర చేరాడు. ఇమాంతాత ఆ తకియాకు పెద్ద. బోధ చేయడం ఆయనకు చేతకాదని కొందరు, ఇష్టం లేదని కొందరు అనేవాళ్ళు. ఎవరైనా దూరం నుంచి వచ్చి ముక్తికి దారేది తాతా అని అడిగితే, ముందు ఆ చెట్లకు నీళ్ళు పొయ్యి నాయనా అనేవాడు. నీళ్ళు పోసేసరికి వచ్చినవాడికి ఆకలేసేది. అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, అడిగిన సంగతి మరిచిపోయి ఊరికి వెళ్ళిపోయేవాడు.

తకియా ముంగిట్లో వరసగా నందివర్ధనం చెట్లు. సమాధి మీద కప్పే పూలచాదర ఆ పూలతోనే అల్లేవాళ్ళు. చెట్లకు నీళ్ళు పోయడం, పొద్దున్నే పూలు కోయడం, ముంగిలి ఊడ్చడం హుసేనప్ప పని. చేతులు ఆ పని చేస్తున్నా మనసు గురువారం మీదే ఉండేది. పాడేటప్పుడు లోపల ఏదో కరిగి తీయగా పారేది. ఆ తీపి కోసమే తాను పుట్టానని అతను నమ్మాడు.

అలాంటిది ఒక గురువారం ఆ తీపి రాలేదు. మాట వచ్చింది, రాగం వచ్చింది, లోపల మాత్రం ఏమీ కదల్లేదు. పై వారమూ అంతే. ఉపవాసం ఉన్నాడు. తెల్లవారుజామున గుట్ట ఎక్కి ఒక్కడే కూర్చుని గొంతు బొంగురుపోయేదాకా పాడాడు. ఎండిన బావిలో చేద వేసినట్టు చప్పుడే తప్ప నీళ్ళు లేవు. దేవుడు తన మీది నుంచి చూపు తిప్పేసుకున్నాడని హుసేనప్పకు భయం పట్టుకుంది. పైగా సమాధికి ఏటా చేసే గంధం పండగ దగ్గరికొస్తోంది. ఆ రోజు వచ్చిన జనమంతా అతని పాట కోసమే కూర్చుంటారు.

ఆ భయంలో అతనొక తప్పుపని చేశాడు. మరుసటి గురువారం పాటకు ముందు వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయ ఒకటి చితగ్గొట్టి, భుజం మీది తువ్వాలు అంచుకు ఆ రసం పట్టించాడు. రెండో చరణం దగ్గర ముఖం తుడుచుకున్నాడు. మూడో చరణానికి కళ్ళు ధారలు కట్టాయి. జనం ఎప్పటిలాగే చెంగులు తీశారు.

అందరికంటే ఎక్కువ ఏడ్చింది సుంకులమ్మ. ఆమెది పక్క ఊరు. ఒక్కగానొక్క కొడుకు బావి తవ్వుతుంటే దరి విరిగి మీద పడి చనిపోయాడు. అప్పటినుంచి ఆ ముసలామె ప్రతి గురువారం ఎండనకా వాననకా నడిచి వస్తుంది. పాట అయ్యాక హుసేనప్ప దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది.

"ఇంట్లో ఏడిస్తే కోడలు బెదురుకుంటాది నాయనా. ఈడైతే నువ్వు ఏడుస్తావు, నీ చాటున నేను ఏడుస్తా. నువ్వు సల్లగుండాల."

హుసేనప్పకు భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. పక్కనే కూర్చున్న ఇమాంతాత ఒకసారి గాలి పీల్చి, "ఈ పూట తిరగవాత ఎవరు పెట్టినారప్పా? వాసన కమ్మగుండాది" అన్నాడు.

మర్నాడు పొద్దున పూలు కోస్తుంటే ఒక కొమ్మ బోసిగా కనిపించింది. ఆకులు నడిమి ఈనె దాకా కొరికేసి ఉన్నాయి. కొరికినచోట తెల్లటి పాలు బొట్లుగా నిలిచాయి. కింద నేల మీద మిరియాలు పోసినట్టు పెంటికలు. మేక కూడా మూతి పెట్టని చెట్టు అది. ఎవరబ్బా అని కొమ్మ వంచాడు హుసేనప్ప. ఆకుల మధ్య నుంచి రెండు నీలం కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"తాతా! పాము!"

ఇమాంతాత తాపీగా వచ్చాడు. కొమ్మను తన వైపు తిప్పుకుని చూశాడు.

"పాముకు కాళ్ళుంటాయా?"

అప్పుడు చూశాడు హుసేనప్ప. బొటనవేలంత లావున పచ్చటి పురుగు. పొట్ట కింద పొట్టి కాళ్ళతో కాడను గట్టిగా పట్టుకుని ఉంది. పక్కన పొడుగునా తెల్లటి గీత, ఆ గీత చుట్టూ తెల్లటి చుక్కలు. తోక చివర పసుపురంగు కొమ్ము ఒకటి, కిందికి వంగి ఉంది. మెడ మీద ఆ రెండు కళ్ళు. నల్లటి అంచు, నీలం, నడుమ తెలుపు.

ఇమాంతాత ఒక పుల్లతో దాన్ని మెల్లగా తాకాడు. పురుగు తల లోపలికి లాక్కుని మెడ ఉబ్బించింది. కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

"నిన్ను చూస్తాండాదా?"

"చూస్తాండాది తాతా. నన్నే."

తాత అరచేయి ఒక కంటికి అడ్డం పెట్టాడు, తర్వాత రెండోదానికి. కళ్ళు కదల్లేదు. రెప్ప లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పొద్దుటి ఎండ ఆకుల మీదికి దిగుతోంది, ఎక్కడో దూది ఏకుతున్న విల్లు చప్పుడు నిద్రలో విన్నట్టు వినిపిస్తోంది. చాలాసేపటికి పురుగుకు ధైర్యం వచ్చింది. మెడ ముడతలోంచి చిన్న తల బయటపెట్టి మళ్ళీ ఆకు అంచు పట్టుకుంది. ఆ తలకు రెండు పక్కలా గసగసాల గింజలంత నల్లటి చుక్కలు కొన్ని.

"కండ్లు అవి" అన్నాడు తాత.

"మరి ఈ పెద్దవి?"

"అవి భయమైనప్పటివి."

హుసేనప్ప చేయి దానంతట అదే భుజం మీది తువ్వాలు మీదికి పోయింది. ఆ మధ్యాహ్నం తువ్వాలును బండకేసి ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ ఉతికాడు.

ఆ వారం ఉల్లిపాయ లేకుండా పాడాడు. ఎవరి చెంగూ కదల్లేదు. ఎవరో ఆవులించారు. సుంకులమ్మ కాసేపు ఎదురుచూసినట్టు కూర్చుని, పొడి కళ్ళతో లేచి వెళ్ళిపోయింది. ఆమె గుమ్మం దాటేదాకా హుసేనప్ప ఆమె వీపు చూస్తూ కూర్చున్నాడు.

ఇక అతనికి ఆ పురుగు తప్ప తోడు లేకపోయింది. పొద్దున లేవగానే దాని దగ్గరికి పోయేవాడు. అది తినడం చూస్తుంటే పొద్దు తెలిసేది కాదు. ఆకు అంచు నుంచి మొదలుపెట్టి తల పైకీ కిందికీ ఆడిస్తూ అర్ధచంద్రంగా కోసుకుపోయేది. చెవి దగ్గరికి పెడితే సన్నగా కరకర వినిపించేది. ఒకరోజు కదలకుండా పడుకుంది, మర్నాటికి పాత తోలు విడిచి ఇంకొంచెం లావై మళ్ళీ ఆకు మీద పడింది. ఎంత ఆకలి! హుసేనప్పకు అసూయ కలిగింది. తనకూ ఒకప్పుడు అంత ఆకలి ఉండేది.

వేరే ఆకులు పెట్టి చూశాడు. ముట్టలేదు.

"వంగతోటలో ఉంటాయి దీని దాయాదులు, నువ్వుచేన్లోనూ ఉంటాయి" అన్నాడు ఇమాంతాత. "ఎవరి ఆకు వాళ్ళది. దీనికి గన్నేరో, నందివర్ధనమో, పాలు కారే ఆకు ఉండాల. వేరేది పెడితే పస్తుంటాది గానీ తినదు."

హుసేనప్పకు ఆ మాట నచ్చింది. తన ఆకు పాట. ఇంకేది పెట్టినా తాను తినడు. ఎప్పటికైనా ఆకలి తిరిగొస్తుంది, పట్టు వదలకూడదు అనుకుని మళ్ళీ తంబూర తీశాడు. పొద్దునా, మధ్యాహ్నం, సందెవేళా పాడాడు. తకియాలో పిల్లికి కూడా ఆ తత్వాలు కంఠతా వచ్చి ఉంటాయి. తీపి మాత్రం రాలేదు.

ఒక మబ్బుపట్టిన మధ్యాహ్నం వెళ్ళి చూస్తే పురుగు కొమ్మ మీద లేదు. వెతికితే చెట్టు మొదట్లో నేల మీద కనిపించింది. ఆ పచ్చదనమంతా పోయింది. వీపు మాడిన రొట్టెలా గోధుమరంగుకు తిరిగి నల్లబడింది. కళ్ళు మసకబారాయి. మట్టిలో పడి ఎటో గబగబా పాకిపోతోంది.

జారిపడిందనుకున్నాడు. రెండు వేళ్ళతో మెత్తగా తీసి లేత ఆకుల మధ్య పెట్టాడు. అది ఆకు వైపు చూడనైనా చూడలేదు. కాడ పట్టుకుని కిందికి దిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దిగింది. జబ్బు చేసి తెలివి తప్పిందనుకుని, దూదిబుట్ట తెచ్చి, అడుగున లేత ఆకులు పరిచి, పురుగును అందులో వేసి, పైన ఇంకో బుట్ట బోర్లించి రాయి పెట్టాడు.

సాయంత్రం తీసి చూస్తే ఆకు ఆకులాగే ఉంది. పురుగు బుట్ట అంచు పట్టుకుని చుట్టూ చుట్టూ తిరుగుతోంది. అప్పటినుంచి తిరుగుతూనే ఉన్నట్టుంది, బాగా నీరసించింది. తిను తల్లీ, ఒక్క ముక్క తిను అని బతిమాలాడు హుసేనప్ప. ఆ మాట దాన్ని అంటున్నాడో తన్ను తాను అంటున్నాడో తెలియని స్థితిలో ఉన్నాడు పాపం.

మర్నాడు గంధం పండగ పెత్తనం చూసే వన్నూరప్ప వచ్చాడు. మనిషి మంచివాడే, గొంతు మాత్రం సంతలో ఉన్నట్టే ఉంటుంది.

"తాతా, ఈసారి మన హుసేనప్ప పాటకు మైకు పెట్టిస్తాండాం. గుట్ట అవతలికి గూడా వినపడాల. వాడు ఏడిస్తే ఊరు ఏడవాల!"

హుసేనప్ప ముఖంలో నెత్తురు లేదు. తాత ముందు కూలబడ్డాడు.

"తాతా, అది చచ్చిపోతాండాది."

"ఏది?"

"పురుగు. ఆకు ముట్టడం లేదు. ఎన్నిసార్లు పెట్టినా దిగిపోతాండాది. దాని ఆకు అదే గదా తాతా, నువ్వే చెప్తివి. ఎందుకు ముట్టదు?"

ఇమాంతాత అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి లేచాడు. బుట్ట దగ్గరికి వెళ్ళి రాయి పక్కకు పెట్టి, పురుగును అరచేతిలోకి తీసుకుని, నేల మీద వదిలాడు.

పురుగు నడవడం మొదలుపెట్టింది. దాని వెనక తాత నడిచాడు.

ఆ నడక చూడాలి. పురుగు జానెడు పోతే తాత ఒక అడుగు వేసేవాడు. అది ఆగితే ఆగేవాడు. ఎండిన పుల్ల అడ్డం వస్తే అది చుట్టు తిరిగిపోయేదాకా చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడేవాడు. పొరుగింటి కోడి ఒకటి మెడ సాచి వచ్చింది. తాత కర్ర అడ్డం పెట్టి, "పోమ్మా, ఇది నీది కాదు" అన్నాడు. మబ్బు కింద ముంగిలంతా మెత్తటి బూడిదరంగు వెలుగు. చాదర కోసం కోస్తుంటే రాలిన పూలు అక్కడక్కడా తెల్లగా పడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ముందు పురుగు, వెనక ముసలాయన, ఆయన వెనక ఏం చేయాలో తెలియని హుసేనప్ప, ఆ వెనక చేతులు కట్టుకున్న వన్నూరప్ప.

"తాతా, మైకు సంగతి మాట్లాడదామా?" అన్నాడు వన్నూరప్ప.

"నడుస్తాండాం గదప్పా" అన్నాడు తాత.

పురుగు గోడ పక్కకు చేరింది. అక్కడ పండగ కోసం ముంగిలి ఊడ్చి హుసేనప్ప పోసిన ఎండాకుల కుప్ప ఉంది. పలావు పొయ్యి రాజేయడానికి ఉంచిన కుప్ప అది. పురుగు దాని అంచున కాసేపు తల ఎత్తి నిలబడి, రెండు ఆకుల సందున దూరి కనిపించకుండా పోయింది.

తాత తన భుజం మీది కంబళి తీసి కుప్ప పక్కన పరిచి కూర్చున్నాడు.

"దీనికి అగ్గి పెట్టొద్దు."

"పండగపూట ముంగిట్లో కసువుకుప్పా తాతా? జనం ఏమనుకుంటారు?" అన్నాడు వన్నూరప్ప.

"ముసలోడు ఊడ్చలేకపోయినాడు అనుకుంటారు."

వన్నూరప్ప నవ్వలేక నవ్వి ఊరుకున్నాడు. హుసేనప్ప తాత ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"మరి నేను? గంధం నాడు ఏమి పాడాల తాతా?"

"పాడొద్దు."

హుసేనప్ప సరిగా వినలేదేమో అనుకున్నాడు. తాత ముఖం చూశాడు. అందులో కోపం లేదు.

"ఎన్నాళ్ళు?"

ఇమాంతాత ఆకుల కుప్ప వైపు గడ్డం చూపించాడు. "దాన్ని అడిగి వచ్చినావా, ఎన్నాళ్ళని?"

ఆ సాయంత్రం హుసేనప్ప మూట కట్టుకున్నాడు. పాట లేని తనకు ఆ తకియాలో చోటు లేదనుకున్నాడు, తాత తన్ను గెంటేసినట్టే లెక్క అనుకున్నాడు. దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి, కన్నీళ్ళు మాత్రం రాలేదు. మూట భుజానికెత్తుకుని ముంగిట్లోకి వచ్చేసరికి ఆ కోడే, పిల్లలను వెంటేసుకుని, ఆకుల కుప్ప కాళ్ళతో చిమ్ముతోంది. మూట కిందపడేసి దాన్ని అదిలించాడు. అది వెళ్ళి గోడ మీద కూర్చుని వాడెప్పుడు పోతాడా అని చూసింది. అతను పోలేకపోయాడు. కుప్ప పక్కన తాత కంబళి మీద కూర్చున్నాడు, మూట తలకింద పెట్టుకుని అక్కడే పడుకున్నాడు.

గంధం పండగ వచ్చింది. డప్పులు, గుర్రం, ఊదుపొగ, పూలచాదర. పక్క తాలూకా నుంచి ఎవరినో పిలిపించి మైకులో పాడించారు. బాగానే పాడాడతను. హుసేనప్ప గోడ పక్కన, కసువుకుప్పకు కాపలా కూర్చుని విన్నాడు. ఎదురుగా పోతూ పోతూ జనం అతన్ని చూశారు. గొంతు పోయిందన్నారు, తాతకూ వీడికీ చెడిందన్నారు, ఎవరో చేతబడి చేయించారని కూడా అన్నారు. ఒక్కొక్క మాటా చెవిన పడుతూనే ఉంది.

సుంకులమ్మ జనంలోంచి వెతుక్కుంటూ వచ్చి అతని పక్కన చతికిలబడింది.

"ఏమి నాయనా, గొంతు పాయనా?"

హుసేనప్ప అబద్ధం చెబుదామనుకున్నాడు. జలుబు అంటే సరిపోయేది.

"గొంతు ఉండాదవ్వా. ఏడుపే పాయ. మొన్నొక వారం ఎర్రగడ్డ పూసుకుని ఏడిస్తి. నువ్వు నా చెయ్యి పట్టుకుంటివే, ఆ వారం."

ముసలామె అతని చేతికేసి చూసింది. మైకులో పాట పై చరణానికి ఎక్కింది.

"అయితే ఆ దినం నేనొక్కదాన్నే ఏడిస్తినా" అంది. నిందలా అనలేదు, తనలో తాను అనుకున్నట్టు అంది. మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, జనంలో కలిసిపోయింది.

పై గురువారం ఆమె రాలేదు. ఆ పైన కూడా రాలేదు.

హుసేనప్ప నీళ్ళు పోశాడు, పూలు కోశాడు, కోళ్ళను తోలాడు. తంబూరకు గుడ్డ చుట్టి చిలక్కొయ్యకు తగిలించాడు. గురువారాలు మామూలు వారాల్లాగే వచ్చి పోతుండేవి. మొదట్లో ఆ సాయంత్రాలు చేతులతో ఏం చేయాలో తోచేది కాదు. తర్వాత చెట్ల కింద కూర్చుని ఊరికే వినడం మొదలుపెట్టాడు. చేదగిలక మూలుగు, ఇళ్ళకు మళ్ళిన మేకల మెడగంటలు, తాత దగ్గు. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయో అతనికి అంతుపట్టలేదు.

పెద్దవాన ఒకటి కురిసింది. తెరపివ్వగానే అతను ఆత్రం పట్టలేక కుప్ప దగ్గరికి పోయి పై ఆకులు మెల్లగా తొలగించాడు. సన్నటి దారాలతో ఆకులను వదులుగా కుట్టుకున్నట్టు చిన్న గది. అందులో ఖర్జూరం రంగులో, నల్లటి చుక్కలతో కాయలాంటిది పడి ఉంది. కాళ్ళు లేవు. నోరు లేదు. ఆ నీలం కళ్ళు లేవు. వేలితో తాకితే తోక భాగం ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుంది. హుసేనప్ప ఉలిక్కిపడి ఆకులు మళ్ళీ కప్పేశాడు.

"తాతా, బతికే ఉండాది. లోపల ఏమి చేస్తాంటాది?"

ఇమాంతాత తడిసిన కంబళి పిండుతున్నాడు.

"అడుగుదామంటే అది ఇంట్లో లేదు నాయనా" అన్నాడు.

మరి కొన్నాళ్ళకు, సందెవేళ, హుసేనప్ప నీళ్ళు పోస్తూ గోడ మీద ఏదో పాకడం చూశాడు. తడిసి నలిగిన గుడ్డపీలికలా ఉంది. రాతి గరుకు పట్టుకుని పైకి పోయి ఒకచోట వేలాడింది. చూస్తుండగానే నలిగినదంతా మెల్లమెల్లగా సాగి రెక్కలైంది. పాచిపట్టిన రాయి రంగు, ఆ పాచిలో ముదురూ లేతా అలలు, నడుమ తెల్లటి గీతలు, ఒకచోట గులాబీ ఛాయ. పెద్ద చిమ్మట. దాన్ని హుసేనప్ప ఎప్పుడూ చూడలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక కుప్ప దగ్గరికి పోయి చూస్తే కాయ పగిలి ఖాళీగా ఉంది.

ఆ పురుగే ఇది! పరుగున వెళ్ళి చెట్టు చివర అన్నిటికంటే లేతగా ఉన్న ఆకు తుంచాడు. పాలు కారుతున్న ఆ ఆకును చిమ్మట ముందు పట్టుకున్నాడు.

చిమ్మట ఒళ్ళంతా వణికించుకుంది. ఆకును కన్నెత్తి చూడలేదు. ఒక్కసారి గోడ వదిలి, అతని చేతి మీదుగా పోయి, అరుగు పక్కన అప్పుడే విచ్చుకుంటున్న చంద్రకాంత పూల ముందు గాలిలో నిలబడింది. వాలలేదు, ఊరికే నిలబడింది. రెక్కలు కనిపించడం మానేశాయి. ముఖం దగ్గర చుట్ట చుట్టుకుని ఉన్న సన్నటి గొట్టమొకటి పొడుగ్గా విప్పుకుని పూవు గొంతులోకి దించింది. ఒక పూవు, ఇంకో పూవు, ఆ పక్కది. ఆ పైన ఆ మసక వెలుగులో ఎటు కలిసిపోయిందో తెలియలేదు.

హుసేనప్ప ఆకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అరుగు మీద నుంచి ఇమాంతాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఆయనకు.

"ఆకును మరిచేపోయిందా తాతా?" అన్నాడు హుసేనప్ప.

తాత దగ్గు ఆపుకుని, "చూద్దాంలే" అన్నాడు.

అప్పటినుంచి సందెవేళ హుసేనప్ప కళ్ళు చెట్ల మీదే ఉండేవి. కొన్ని సాయంత్రాలు ఏమీ రాలేదు. కొన్నిసార్లు పూల దగ్గర రెక్కల సన్నటి మోత మాత్రం వినిపించి పోయేది. ఒక సాయంత్రం, వెలుగు అటూ ఇటూ కాని వేళ, చిమ్మట వచ్చి చంద్రకాంతలను దాటి నేరుగా నందివర్ధనం దగ్గర నిలిచింది.

"తాతా, అదేనా?"

"అదో, దాని చెల్లెలో" అన్నాడు తాత, పక్కకు వచ్చి నిలబడి.

చిమ్మట ఆకు ఆకు దగ్గరా ఆగి చూసుకుంది. ఒక లేత ఆకును కాళ్ళతో తాకి, రెక్కలాడిస్తూనే తోక భాగం వంచి ఆకు అడుగున ఆనించింది. ఇంకో కొమ్మ దగ్గర ఇంకో ఆకు. అంతే, లేచి గోడ దాటిపోయింది. హుసేనప్ప మెల్లగా ఆకు తిప్పి చూశాడు. ఆవగింజంత లేతపచ్చ గుడ్డు, మంచుబొట్టులా నిగనిగలాడుతూ ఉంది. ఆకు అంచులన్నీ వేలితో తడిమి చూశాడు. ఎక్కడా కొరికిన గాటు లేదు.

"ఏమీ తినలేదు తాతా."

"తన ఆకలి కోసం రాలేదులే" అన్నాడు ఇమాంతాత. చేతికర్ర పొడుచుకుంటూ అరుగు వైపు వెళ్ళిపోయాడు.

హుసేనప్ప ఆ చెట్టు దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డాడు. ఆ రాత్రి అతను తంబూర దించలేదు, తాత దించమననూ లేదు.

మర్నాడు గురువారం కాదు, ఏ పండగా కాదు. అయినా సాయంత్రం దీపం పెట్టే వేళకు సుంకులమ్మ వచ్చింది. గుమ్మంలో హుసేనప్పను చూసి కాస్త తడబడింది.

"పాట కోసం రాలేదు నాయనా. ఇంట్లో కూచోలేక వచ్చినా. రోంతసేపు కూచుని పోతా."

ఆమె సమాధి ఎదుట గోడకు ఆనుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది. హుసేనప్ప చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగేదాకా ఆగి, కాస్త దూరంలో నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, నీకు ఏ పాట కావాల?"

సుంకులమ్మ చెంబు కింద పెట్టింది. అలాంటి ప్రశ్న ఆమెను ఎవరూ అడిగి ఎరగరు.

"నా కొడుకును ఉయ్యాల్లో వేసి పాడిందొకటి ఉండాది. అది మీ పాటల్లోది కాదు. నీకు రాదు."

"చెప్పవ్వా. నేర్చుకుంటా."

ఆమె గొంతు సవరించుకుంది. సిగ్గుపడింది. ఒకసారి చుట్టూ చూసుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పినట్టూ పాడినట్టూ సన్నగా మొదలుపెట్టింది. హుసేనప్ప ఆమె పెదవులు చూస్తూ ఒక్కో వరసా వెనకే అన్నాడు. రాగం పెంచలేదు, గమకం వేయలేదు, ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆగాడు.

ఉయ్యాల తాడు గురించిన వరస దగ్గర ఆమె పాట తెగిపోయింది. ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. హుసేనప్ప ఆ వరసను అందుకున్నాడు. ఆమె ఏడ్చి తేరుకుని మళ్ళీ గొంతు కలిపేదాకా, తడబడకుండా, మెల్లగా దాన్నే పాడుతూ ఉన్నాడు.